కారు బంపరుపై కొత్త దీపములు: ఒక విమర్శ

కావ్యమునకును, చిత్రమునకును విమర్శ యున్నట్లే మనుష్యుడు తన వాడుకకై చేసికొన్న వస్తువునకును విమర్శ యుండవలెను. ఆ వస్తువు ఏ ప్రయోజనమునకై పుట్టినది? ఆ ప్రయోజనమును అది నెరవేర్చుచున్నదా? నెరవేర్చుటలో ఇతరులకు బాధ కలిగించుచున్నదా? వస్తు విమర్శకు ఈ మూడు ప్రశ్నలు చాలును.

కారు ముందు బంపరుకు యజమానులు తమంతట తాము అమర్చుకొనుచున్న ఎల్.ఇ.డి. దీపములకు ఈ మూడు ప్రశ్నలను వర్తింపజేసి చూడవచ్చును. కార్ల అలంకరణ సామగ్రి అమ్ము దుకాణములలో ఇవి మీటర్ల లెక్కన పట్టీలుగను, జతల లెక్కన కడ్డీలుగను లభించును. ఇంజను నడచుచున్నంతసేపు పట్టపగలు కూడ వెలుగుచుండుట వీని లక్షణము. కావున వీనిని పగటి దీపములనుట సమంజసము. రెండు స్క్రూలు బిగించి, రెండు తీగలు కలిపినచో పని ముగిసినదని అమర్చువారు తలంతురు. ఇంత తేలికగా కనబడు ఈ పనిలో కాంతిశాస్త్రమునకును, విద్యుచ్ఛాస్త్రమునకును చెందిన పాఠములు అనేకము ఇమిడియున్నవి. వానిని మరచినచో కలుగు కష్టములో పెద్ద భాగము, దీపము పెట్టుకొన్నవానికి గాక, ఎదుట వచ్చువానికి సంక్రమించును.

దీపమునకు రెండు పనులు

దీపము చేయు పనులు రెండు. ఒకటి, దీపము గలవాడు లోకమును చూచుట. రెండవది, లోకము దీపము గలవానిని చూచుట. ఈ రెండును ఒకటి కావు. రాత్రివేళ ఎడ్లబండి ఇరుసు కింద వ్రేలాడదీసిన లాంతరును పల్లెటూళ్లలో పెద్దలు ఎరుగుదురు. ఆ లాంతరు వెలుగులో బండివానికి దారి కనబడదు. దారి సంగతి ఎడ్లకే తెలియును. లాంతరు ఉన్నది వెనుక నుండి వచ్చు లారీవానికి బండి కనబడుటకు. కారు హెడ్‌లైటు మొదటి రకమునకు చెందినది. పగటి దీపము ఎడ్లబండి లాంతరు జాతికి చెందినది. దాని వెలుగులో డ్రైవరు చూడవలసినది ఏమియు లేదు. అది కేవలము ఇతరుల కన్నులకొరకు వెలుగు దీపము. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో తక్కిన విమర్శ సులభమగును.

ఈ దీపము శీతల దేశములలో పుట్టినది. ఉత్తర ఐరోపాలో శీతకాలపు సూర్యుడు ఆకాశమున పైకి రాక, దిగంతమును అంటిపెట్టుకొని సంచరించును. పగలు కూడ సందె చీకటివలె నుండును. అందుచేత ఫిన్లాండు దేశము 1972లో పట్టణములకు బయటి రోడ్లపై శీతకాలపు పగటివేళ దీపములు వెలిగించుటను నిర్బంధము చేసినది. 1977లో స్వీడను దేశము అట్టి నియమమునే ఏడాది పొడుగునకు విధించినది. కెనడాలో 1989 డిసెంబరు నుండి తయారైన కార్లకును, ఐరోపా సమాజ దేశములలో 2011 ఫిబ్రవరి నుండి కొత్త నమూనా కార్లకును పగటి దీపములు తప్పనిసరి యైనవి. మన దేశమున 2017 ఏప్రిల్ 1 నుండి తయారగు మోటారు సైకిళ్లకు, స్కూటర్లకు ఇంజను నడచినంతసేపు ముందు దీపము వెలుగుచునే యుండునట్లు ఏర్పాటు చేయబడినది.

ఈ దీపముల వలన మేలు ఎంత? ఐరోపాలో జరిగిన పరిశీలనలు పెక్కింటిలో పగటివేళ వాహనములు ఒకదానినొకటి ఢీకొను ప్రమాదములు కొంత తగ్గినట్లు తేలినది. కాని అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2008లో ప్రకటించిన విశ్లేషణలో, తాము ఎన్నుకొన్న రకముల ప్రమాదములపై మొత్తము మీద గణనీయమైన ప్రభావము కనబడలేదు. అనగా ఇది సర్వరోగ నివారిణి కాదు. వెలుతురు మందముగా నున్నచోట, చెట్ల నీడలు పడు బాటపై, వానలో, మంచులో దీనికి విలువ కలదు. నడినెత్తిన సూర్యుడున్న ఏప్రిల్ మధ్యాహ్నమున విలువ స్వల్పము. ఈ మితమైన ప్రయోజనమును దృష్టిలో నుంచుకొనియే దీపమును తూచవలెను.

ఎల్.ఇ.డి. తెచ్చిన మార్పు

పూర్వము పగటి దీపమనగా హెడ్‌లైటునే పగలు కూడ వెలిగించుట. ఒక్కొక్క హాలోజను బల్బు సుమారు 55 వాట్ల శక్తిని మ్రింగును. రెండు బల్బులకు 110 వాట్లు. ఈ శక్తి ఆకాశము నుండి రాదు; పెట్రోలు నుండియే రావలెను. ఎల్.ఇ.డి. వచ్చిన పిమ్మట జత దీపములకు 10 నుండి 20 వాట్లు సరిపోవుచున్నవి.

ఎల్.ఇ.డి. అర్ధవాహకముతో చేసిన డయోడు. దానిలో ఎలక్ట్రానులు ఖాళీ స్థానములతో కలియునపుడు విడుదలయగు శక్తి కాంతి రూపమున వెలువడును. 1962లో నిక్ హోలోన్యాక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్రని కాంతి నిచ్చు డయోడును తయారుచేసెను. తగినంత ప్రకాశము గల నీలి డయోడు లభించుటకు మరి మూడు దశాబ్దములు పట్టినది. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నీలి డయోడుపై పసుపు కాంతి నిచ్చు ఫాస్ఫరు పూత పూసినచో, నీలము, పసుపు కలిసి కంటికి తెలుపుగా తోచును. బంపరుపై వెలుగు తెల్లని దీపము ఈ విధమైనదే.

ఈ చిన్న దీపములను ఏ ఆకృతిలోనైనను పేర్చవచ్చును. కార్ల తయారీదారులు ఈ సౌకర్యమును వెంటనే పసిగట్టిరి. 2000ల దశాబ్దమున ఆడీ సంస్థ పగటి దీపములను తన కారు ముఖమునకు గుర్తుగా మలచినది, తక్కినవారు అనుసరించిరి. దీపము చూచి కారు పేరు చెప్పగల పిల్లలు నేడు ప్రతి తరగతిలోను కలరు. ఇట్టి దీపములు లేని పాత కారు గలవానికి తన కారును అట్లే తీర్చిదిద్దుకొనవలెనను కోరిక కలుగుట సహజము. అది తప్పు కాదు. అయితే అతడు అనుకరించునది దీపము యొక్క రూపమును మాత్రమే. రూపము వెనుక నున్న కొలతలు దుకాణమున అమ్మబడవు.

కొలతల వెనుక నున్న తర్కము

పగటి దీపమునకు ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున రూపొందిన అంతర్జాతీయ నియమములు కలవు. దీపము నేరుగా ముందునకు ప్రసరించు కాంతి తీవ్రత 400 కాండెలాలకు తగ్గరాదు, 1200 కాండెలాలకు మించరాదు. వెలుగు ముఖభాగపు వైశాల్యము 25 నుండి 200 చదరపు సెంటీమీటర్ల లోపున నుండవలెను. నేల నుండి ఎత్తు 250 మిల్లీమీటర్లకు తగ్గరాదు, 1500 మిల్లీమీటర్లకు మించరాదు. రెండు దీపముల నడుమ, సాధారణ వెడల్పు గల కారులో, కనీసము 600 మిల్లీమీటర్ల ఎడముండవలెను. రంగు తెలుపు. వెలుగు నిలుకడ. హెడ్‌లైట్లు వెలిగినపుడు ఇవి ఆరిపోవలెను, లేదా పార్కింగు దీపము స్థాయికి తగ్గవలెను. ఇట్టి పరీక్షలో నెగ్గిన దీపముపై వృత్తములో ‘ఇ’ అను రోమను అక్షరమును, దాని సమీపమున ‘ఆర్.ఎల్.’ అను అక్షరములును ముద్రింపబడి యుండును.

దుకాణములో మాత్రము కాండెలాల ప్రసక్తి అరుదు. అక్కడ వినబడునది వాట్ల మాట. వాటు దీపము తినునది చెప్పును గాని పెట్టునది చెప్పదు. పెట్టినదైనను ఏ దిక్కునకు పెట్టుచున్నదో అసలే చెప్పదు. ఒక చిన్న లెక్క వలన ఇది స్పష్టమగును.

బంపరుకు అతికించిన మెత్తని పట్టీ మొత్తము 100 ల్యూమెన్ల కాంతి నిచ్చుచున్నదనుకొందము. కటకము లేని చదునైన పట్టీ కాంతిని ముందు దిక్కులన్నిటికి వెదజల్లును. ఇట్టి ఉపరితలము నేరుగా ముందునకు ప్రసరించు తీవ్రతను పొందుటకు మొత్తము కాంతిని 3.14తో భాగింపవలెను. ఫలితము సుమారు 32 కాండెలాలు. కావలసిన కనీస తీవ్రతలో ఇది పన్నెండవ వంతు మాత్రమే. పట్టీతోనే 400 కాండెలాలు సాధింపవలెనన్నచో ఒక్కొక్క వైపున 1250 ల్యూమెన్లు, అనగా ఇంటిలోని 12 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇచ్చునంత కాంతి కావలెను. అదే 100 ల్యూమెన్లను కటకముతో కూడగట్టి, పైకి కిందికి పదేసి డిగ్రీలు, కుడి ఎడమలకు ఇరువదేసి డిగ్రీలు గల చట్రములోనికే పంపినచో, నష్టములను లెక్కింపనిచో, తీవ్రత 400 కాండెలాలకు చేరును. డయోడు మారలేదు, కాంతి పెరుగలేదు. దిక్కు మాత్రమే కుదిరినది. కావున పగటి దీపమునకు ప్రాణము డయోడు కాదు, దాని ముందున్న కటకము.

దీనినిబట్టి మొదటి తీర్పు చెప్పవచ్చును. అందముగా మెరయు మెత్తని పట్టీ, తాను ఏ పనికి పుట్టినదో ఆ పనినే చేయజాలదు. ఎండలో అది వెలుగుచున్నట్లు ఎదుటివాడు గుర్తింపడు. గుర్తించువాడు కారును నీడలో నిలిపి, ముందు నిలబడి చూచు యజమాని మాత్రమే.

చీకటి పడిన తరువాత

రెండవ లోపము దీనికి విరుద్ధమైనది. కొందరు పట్టీతో తృప్తి చెందక, కటకములు గల గట్టి దీపములు తెచ్చి బిగింతురు. పగలు అవి చక్కగా కనబడును. కాని తీగను నేరుగా ఇగ్నిషను స్విచ్చికి కలుపుటచేత రాత్రియు అట్లే పూర్తి కాంతితో వెలుగుచుండును.

1200 కాండెలాల దీపము 50 మీటర్ల దూరమున నున్న కంటిపై ఎంత వెలుగు పడవేయును? తీవ్రతను దూరపు వర్గముతో భాగింపవలెను. 1200ను 2500తో భాగించినచో 0.48 లక్సు. పున్నమి వెన్నెల నేలపై పడవేయునది సుమారు పావు లక్సు. అనగా ఒక్కొక్క దీపము ఎదుటివాని కన్నులలో రెండు నిండు చంద్రులంత వెలుగును ఒకే బిందువు నుండి పోయుచున్నది. పోలికకు మరియొక సంగతి: హెడ్‌లైటును డిమ్ చేసినపుడు ఎదుటి డ్రైవరు కంటివైపు పోవు కాంతి 250 నుండి 350 కాండెలాలకు మించకుండ ప్రమాణములు కట్టడి చేయుచున్నవి. హెడ్‌లైటును మర్యాదగా డిమ్ చేసిన డ్రైవరే, బంపరుపై పగటి దీపమును ఆర్పనిచో, దానికి మూడు నాలుగు రెట్ల మిరుమిట్లు ఎదుటివానికి పంపుచున్నాడు.

పగలు 1200 కాండెలాలు సరియైనపుడు రాత్రి ఏల సరికావు? కన్ను కాంతిని దాని పరిసరములతో పోల్చి చూచును. పగటి వెలుతురులో కనుపాప ముడుచుకొని, రెటీనా మందమైన గ్రహణశక్తితో పనిచేయును. రాత్రి కనుపాప విప్పారి, రెటీనా సున్నితమగును. అప్పుడు ప్రబలమైన కాంతి పడినచో అది కంటి కటకములోను, ద్రవములోను చెదరి, చూపు అంతటిపై తెల్లని తెరవలె పరచుకొనును. ఆ తెర వెనుక, దీపము లేని సైకిలుపై పోవు మనిషి గాని, రోడ్డు దాటుచున్న ముసలివాడు గాని కనబడకపోవచ్చును. వయస్సు మీరిన కంటిలో ఈ చెదరుట అధికము. నీలి ఛాయ ఎక్కువగా గల తెల్లని దీపము కంటికి మరింత బాధాకరముగా తోచును. దుకాణములో దానినే ‘స్వచ్ఛమైన తెలుపు’ అని పొగడుట విచిత్రము.

ఇంకొక ప్రమాదము కలదు. ముందు బంపరు వెలుగుచుండుట చూచి, సందెవేళ డ్రైవరు తన దీపములన్నియు వెలిగినవని భ్రమించును. పగటి దీపములతోపాటు వెనుక దీపములు వెలుగునట్లు కలిపియుండకపోవచ్చును. ముందు జాజ్వల్యమానముగా, వెనుక చీకటిగా పోవు కారు వెనుక నుండి వచ్చు లారీకి కనబడదు. ఎడ్లబండి లాంతరు ఏ ఆపదను వారించుటకు పుట్టినదో, ఆ ఆపదనే ఈ కొత్త దీపము తిరిగి తెచ్చుచున్నది.

దీపము ఒక భాష

రోడ్డుపై దీపములు ఒక భాష మాటలాడును. పసుపు మెరపు ‘తిరుగుచున్నాను’ అని చెప్పును. వెనుక ఎర్రదీపము ‘ఆగుచున్నాను’ అని చెప్పును. పగటి దీపము చెప్పునది ఒకే మాట: ‘ఇక్కడ ఒక వాహనము కలదు’. ఆ మాట తక్కిన మాటలను వినబడనీయకుండ చేయరాదు.

సాధారణమైన ముందు ఇండికేటరుకు కావలసిన కనీస తీవ్రత 175 కాండెలాలు. దాని పక్కనే 1200 కాండెలాల తెల్లని దీపమున్నచో పసుపు మెరపు దానిలో కరిగిపోవును. అందుచేతనే నియమములు ఒక జాగ్రత్త చెప్పుచున్నవి. ఇండికేటరుకు 40 మిల్లీమీటర్ల లోపున పగటి దీపమున్నచో, ఆ వైపు ఇండికేటరు మెరయునంతసేపు పగటి దీపము ఆరవలెను లేదా తగ్గవలెను. లేనిచో ఇండికేటరే అధిక తీవ్రత గలదై యుండవలెను. సొంతముగా అమర్చిన దీపమునకు ఈ వివేకము దానంతట అబ్బదు. కారు కుడివైపునకు తిరుగనున్నదని తెలియక స్కూటరుపై వచ్చు మనిషి ముందుకు సాగినచో దోషము ఎవరిది? ఇండికేటరు వేసితినని డ్రైవరు నిజాయితీగా చెప్పును. అతడు వేసినమాట నిజమే. ఎదుటివానికి అది చేరకపోయినమాటయు నిజమే.

దీపముల నడుమ ఎడము కూడ భాషలో భాగము. రెండు దీపముల మధ్య కన్ను కొలుచు కోణమును బట్టి మనస్సు దూరమును ఊహించును. 1.3 మీటర్ల ఎడము గల దీపములు 100 మీటర్ల దూరమున ఎంత కోణము చేయునో, 0.65 మీటర్ల ఎడము గల దీపములు 50 మీటర్ల దూరముననే అంత కోణము చేయును. అందము కొరకు దీపములను బంపరు నడుమకు దగ్గరగా చేర్చినచో, మంచులోను వానలోను ఎదుటివానికి కారు ఉన్నదానికంటె దూరముగా తోచవచ్చును. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో రెండు వాహనములు ఎదురెదురుగా వచ్చుచున్నచో 100 మీటర్ల దూరము తరుగుటకు రెండున్నర సెకనులు, 50 మీటర్లకు ఒక సెకను పావు పట్టును. ముందున్న బస్సును దాటవలెనా వద్దా అని ఎదుటి డ్రైవరు నిర్ణయించుకొనుటకు ఈ తేడా చాల పెద్దది.

ఇక అలలవలె పరుగిడు దీపములు, నీలి ఎరుపు రంగులు మార్చు దీపములు. వీనిపై విమర్శ క్లుప్తముగా చాలును. మెరపులు, రంగులు అత్యవసర వాహనముల భాష. దానిని ప్రతివాడును వాడినచో ఆంబులెన్సు వచ్చినపుడు దారి యిచ్చువాడుండడు. మన కేంద్ర మోటారు వాహన నియమములలో 108వ నియమము ప్రకారము సాధారణ వాహనము ముందునకు ఎర్రని వెలుగు చూపరాదు.

బంపరు వెనుక జరుగునది

కంటికి కనబడని లోపములు బంపరు వెనుక కలవు. తెల్లని ఎల్.ఇ.డి. ఒక్కొక్కటి సుమారు 3.1 వోల్టులు తీసికొనును. చౌక పట్టీలో మూడింటిని శ్రేణిలో కలిపి, ఒక నిరోధకమును జోడింతురు. మూడింటికి 9.3 వోల్టులు. నిరోధకము 150 ఓములనుకొన్నచో, 12 వోల్టుల వద్ద దానిపై 2.7 వోల్టులు మిగులును. ప్రవాహము 18 మిల్లీ ఆంపియరులు. కాని కారు నడచుచున్నపుడు ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుచుండును. అప్పుడు వోల్టేజి 14.4 వరకు పెరుగును. నిరోధకముపై 5.1 వోల్టులు పడును. ప్రవాహము 34 మిల్లీ ఆంపియరులకు చేరును. ఎల్.ఇ.డి.పై వోల్టేజి కూడ కొంచెము పెరుగును గనుక వాస్తవమున దీనికి కొంత తగ్గును. అయినను వోల్టేజి 20 శాతము పెరిగినచో ప్రవాహము దాదాపు రెట్టింపగుట గమనింపదగినది. నిరోధకములో వేడి 0.05 వాట్ల నుండి 0.17 వాట్లకు, అనగా మూడు రెట్లకు పైగా పెరిగినది. దుకాణములో బల్లపై 12 వోల్టుల బ్యాటరీతో పరీక్షించిన పట్టీ చక్కగా వెలిగి, నెల తిరుగకముందే కారులో మినుకుమినుకుమనుటకు ఇది ఒక ముఖ్య కారణము. వోల్టేజి మారినను ప్రవాహమును స్థిరముగా నుంచు డ్రైవరు సర్క్యూటు గల దీపమున ఈ బాధ ఉండదు.

అంతకంటె ముఖ్యమైనది ఫ్యూజు. జత దీపములు 12 వాట్లు తీసికొన్నచో ప్రవాహము ఒక ఆంపియరునకు లోపే. 2 లేదా 3 ఆంపియరుల ఫ్యూజు చాలును. కొందరు ‘పోకుండ ఉండును’ అని 15 లేదా 20 ఆంపియరుల ఫ్యూజు పెట్టుదురు. మరికొందరు అసలే పెట్టరు. ఇంజనును తిప్పుటకు నూరు ఆంపియరులకు పైగా ఈయగల బ్యాటరీ అది. బంపరు అంచున ఒరసి ఒరసి సన్నని తీగపై తొడుగు చిరిగి, లోపలి రాగి కారు లోహమును తాకినచో, ఆ ప్రవాహమంతయు తీగ గుండ పరుగిడును. తీగయే ఫ్యూజుగా మారి కాలును. ఫ్యూజు పోకుండుట దాని గుణము కాదు. అవసరమైనపుడు పోవుటయే దాని గుణము. అది బ్యాటరీకి చేరువలో నుండవలెను. దీపము దగ్గర పెట్టినచో నడుమనున్న తీగకు రక్షణ లేదు.

‘నీరు చొరదు’ అను మాటకును హద్దు కలదు. ఐ.పి. 67 అను గుర్తునకు అర్థము, దుమ్ము చొరదనియు, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ముంచినను హాని కలుగదనియు మాత్రమే. కారు కడుగు యంత్రపు జోరైన నీటిధార ఆ పరీక్షలో లేదు. గంటసేపు వెలిగి వేడెక్కిన దీపము వాననీటి గుంటలో పడినపుడు లోపలి గాలి చల్లబడి సంకోచించును. ఆ లోటును పూరించుటకు తీగ ప్రక్కనున్న సన్నని సందు గుండ నీరు లోనికి ఈడ్వబడును. దీపపు అద్దము లోపల కనబడు ఆవిరి చుక్కలు ఇట్లు చేరినవే.

చట్టము మాట

1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019లో వచ్చిన సవరణ, అనుమతి లేని రీతిలో భాగములు జోడించి వాహనమును మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చునని చేర్చినది. జరిమానా భయము వలన దీపము తీసివేయువాడు మరునాడు మరియొకటి తెచ్చుకొనును. ఎదుటివాని కన్నుపై పడు లక్సులను లెక్కించి చూచినవాడు మాత్రము మరల దానిని పెట్టడు. బోధించువారి పని ఈ రెండవ రకము వారిని పెంచుట.

తీర్పు

ఇంతవరకు చెప్పినదానినిబట్టి సొంతముగా దీపము పెట్టుకొనువారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. పగటి దీపమును భద్రతా సాధనము నుండి ముఖాలంకారముగా మార్చినవారు పెద్ద తయారీదారులే. వారు కొలతలను పాటించిరి. కాని ప్రకటనలలో చూపినది ఆకృతిని మాత్రమే. కొన్నవాడు దానినే నేర్చుకొన్నాడు. పైగా తన చేతితో రిలే బిగించి, తీగ అతికి, ఓము సూత్రమును కారులో చూచుకొన్న కుర్రవానికి లభించు విద్య అల్పమైనది కాదు. ఆ కుతూహలమును అణచరాదు. సరియైన ప్రశ్నవైపు త్రిప్పవలెను. ‘నా కారు ఎట్లు కనబడుచున్నది?’ అను ప్రశ్న స్థానమున ‘ఎదుటివానికి రోడ్డు ఎట్లు కనబడుచున్నది?’ అను ప్రశ్న నిలువవలెను.

మొదట వేసిన మూడు ప్రశ్నలకు సమాధానము ఇది. మెత్తని పట్టీ తన ప్రయోజనమును నెరవేర్చదు. రాత్రియు ఆరని గట్టి దీపము ప్రయోజనమును నెరవేర్చి, అంతకు మించిన హాని చేయును. ప్రమాణపు గుర్తు గలదై, తగిన ఎడముతో, తగిన ఫ్యూజుతో, హెడ్‌లైటు వెలిగిన వెంటనే ఆరిపోవునట్లు రిలేతో కూర్చి, సంబంధిత అధికారుల అనుమతికి లోబడిన దీపమొక్కటే శాస్త్రపు తూనికకు నిలుచును. అట్టి దీపము ఫొటోలో అంత సొగసుగా నుండకపోవచ్చును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో తేలికగా పరీక్షింపవచ్చును. మూడు ఎల్.ఇ.డి.లు, ఒక నిరోధకము, ఒక అమ్మీటరు, వోల్టేజి మార్చగల సరఫరా ఉన్నచో చాలును. 12 నుండి 14.4 వరకు వోల్టేజి పెంచుచు ప్రవాహమును గ్రాఫుపై గుర్తించినచో పై లెక్క ఎంతవరకు నిజమో విద్యార్థులే తేల్చగలరు. తరువాత పాఠశాల ఆవరణలో నిలిపిన కారు ముందు 50 మీటర్ల దూరమున నిలబడి, మధ్యాహ్నము ఒకసారి, చీకటి పడిన పిమ్మట ఒకసారి మూడు సంగతులు వ్రాసికొనవలెను: దీపము కనబడుచున్నదా, దాని పక్కనున్న ఇండికేటరు కనబడుచున్నదా, దాని వెనుక నిలుచున్న మనిషి కనబడుచున్నాడా. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూచినపుడు పగటి దీపము పగటికే ఏల పరిమితము కావలెనో వేరుగా వివరింప నక్కరలేదు.